ఆర్‌ఓ మెంబ్రేన్‌కు బాక్టీరియా జిగురు పట్టకుండా ఎట్లా చూసుకోవాలి? బ్లీచింగ్ పౌడర్ ఎందుకు పోయకూడదు?



ఈ మధ్య మన గ్రూపులో పురుగుల గురించి ఎన్ని ప్రశ్నలు వచ్చినాయో, ఊరి నీళ్ళ ఘటకం గురించి కూడా అన్ని వచ్చినాయి. "మెంబ్రేన్ సంవత్సరం తిరక్కుండానే పోయింది, మళ్ళీ దుడ్డు పెట్టమంటా ఉండారు." "నీళ్ళు సన్నగా వస్తా ఉండాయి." "బిందెలో పెడితే రెండో రోజుకు వాసన." కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ వైపు నుంచీ ఇవే మాటలు, హోసూరు, డెంకణీకోట వైపు నుంచీ ఇవే మాటలు. మేము నలుగురు రైతులం మా ఊరి నీళ్ళ కమిటీలో ఉండాము. ఘటకం తాళం, లెక్కల పుస్తకం మా దగ్గరే ఉంటాయి. మెకానిక్కులను అడిగి, మెంబ్రేన్‌తో వచ్చే కాగితాలు చదివి తెలుసుకున్నది ఈ వారం రాస్తా ఉండాము. కొంచెం పొడుగు ఉంటుంది. షెడ్డులో ఆకు వేసినాక తీరిగ్గా చదువుకోండి.

*ఈ సంగతి మనకెందుకు?*

మన వైపు బోర్లు 1000 అడుగులు దాటి పోయినాయి. అంత లోతు రాతిలో నుంచి వచ్చే నీళ్ళలో ఉప్పులతో పాటు ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే నీళ్ళు దొరకకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశపు ప్రమాణం చెప్తుంది. దానికి మించి ఏండ్ల తరబడి తాగితే పిల్లల పండ్లకు గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన ఊర్లలో ఇట్లాంటి పెద్దవాళ్ళను అందరమూ చూసినవాళ్ళమే.

ఒక మాట గుర్తు పెట్టుకోండి. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. బట్టలో వడగట్టినా పోదు. ఆర్‌ఓ మెంబ్రేన్ దాన్ని ఆపుతుంది. కాబట్టి ఘటకంలో మెంబ్రేన్ బాగుండాదా లేదా అనేది మన పిల్లల పండ్లు, ఎముకల సంగతి. దుడ్డు లెక్క దాని తర్వాత.

*మెంబ్రేన్ అంటే ఏమి?*

ఘటకంలో తెల్లగా, పొడుగ్గా ఉండే గొట్టాల లోపల మెంబ్రేన్ ఉంటుంది. 4040 అని రాసి ఉంటే 4 అంగుళాల లావు, 40 అంగుళాల పొడవు అని అర్థం. 8040 అంటే 8 అంగుళాల లావు. లోపల పలుచని షీట్లను చాప చుట్టినట్టు చుట్టి ఉంటారు. షీటుకూ షీటుకూ మధ్య సన్న వల లాంటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. ఉప్పు నీళ్ళు ఆ జాలీ సందుల్లో పోతా ఉంటే, మోటారు ఒత్తిడికి మంచి నీళ్ళు షీటు దాటి మధ్య గొట్టంలోకి వస్తాయి. ఉప్పులన్నీ మిగిలిన నీళ్ళతో వేస్టు పైపులో పోతాయి.

ఉప్పును ఆపే అసలు పొర మందం సుమారు 0.2 మైక్రాన్. మన గూటి నుంచి లాగే పోగు సుమారు 20 మైక్రాన్లు ఉంటుంది. అంటే పట్టుపోగు మందంలో నూరో వంతు పొర ఊరందరి నీళ్ళను శుద్ధి చేస్తా ఉంది. దాని కింద ఉండే పొరలు దానికి ఆసరా మాత్రమే.

ఆ పొరను పాలిఅమైడ్ అనే పదార్థంతో చేస్తారు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, ముందుకు పనికొస్తుంది.

*జిగురు ఎట్లా పడుతుంది?*

నీళ్ళలో బాక్టీరియా కంటికి కనపడదు. అది ఒకటి రెండు మైక్రాన్లు ఉంటుంది, కొన్ని ఇంకా చిన్నవి. జాలీ మీద, షీటు మీద ఒకటి అంటుకుంటే చాలు, తన చుట్టూ జిగురు వదులుతుంది. ఆ జిగురులో పిల్లలు పెడుతుంది. కొత్తగా వచ్చినవి కూడా దానికే అంటుకుంటాయి. కొన్ని రోజులకు జాలీ సందులన్నీ పాకుడు పట్టినట్టు అవుతాయి.

మనకు ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. గూటిలో ఫైబ్రోయిన్ పోగును సెరిసిన్ అనే జిగురు ఎట్లా పట్టి ఉంచుతుందో, బాక్టీరియాను దాని జిగురు అట్లా పట్టి ఉంచుతుంది. ఉట్టి నీళ్ళు ఎంత వేగంగా పోయినా సెరిసిన్ వదలదు కదా, రీలర్లు వేడి నీళ్ళలో ఉడికిస్తారు, పట్టు నుంచి పూర్తిగా తీయాలంటే సబ్బు, సోడా వేసి కాస్తారు. బాక్టీరియా జిగురు కూడా ఉట్టి నీళ్ళకు వదలదు. క్షారానికి, అంటే కాస్టిక్ లాంటిదానికి, మెత్తబడి వదులుతుంది. కడిగే పద్ధతి దగ్గర మళ్ళీ ఈ మాటకు వస్తాము.

"ఫిల్టరు పెట్టినాము కదా, బాక్టీరియా అక్కడే ఆగిపోదా?" అని అడుగుతారు. లెక్క చూడండి. ఫిల్టరు నూటికి 99 ఆపిందనుకుందాం. మిగిలిన ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతుంది. ఏడు సార్లు రెట్టింపైతే మళ్ళీ నూరు దాటుతుంది. మంచి వేడిలో, తిండి దొరికితే, కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. మన నీళ్ళలో అంత వేగం ఉండకపోయినా రోజులు చాలు, నెలలు అక్కరలేదు. రాయి, మట్టి అయితే ఎంత ఆపితే అంత లాభం. బాక్టీరియా ప్రాణం ఉన్నది కాబట్టి ఆపితే చాలదు, పెరిగే వీలు లేకుండా చేయాలి. షెడ్డులో సప్పె రోగం సంగతి కూడా ఇంతే కదా. ఒక పురుగును తీసేస్తే తీరదు, పడక తడి, పులిసిన ఆకు, గాలి ఆడకపోవడం, ఇవన్నీ సరిచేయాలి.

*బ్లీచింగ్ పౌడర్ ఎందుకు పోయకూడదు?*

ఇది ఈ వారం అన్నిటికంటే ముఖ్యమైన మాట. మనందరి ఇళ్ళల్లో బ్లీచింగ్ పౌడర్ ఉంటుంది, క్లోరిన్ డయాక్సైడ్ మందు ఉంటుంది, కొందరి దగ్గర ఫార్మలిన్ కూడా ఉంటుంది. పంట పంటకూ షెడ్డు కడిగేది వాటితోనే. అందుకే ఘటకంలో వాసన వస్తే చెయ్యి వెంటనే బ్లీచింగ్ డబ్బా మీదికి పోతుంది. అక్కడ ఆగాలి.

పట్టుచీరకు బ్లీచింగ్ నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. పసుపు పడుతుంది, పోగు బలం పోయి చిరుగుతుంది. పట్టు ప్రోటీన్. ప్రోటీనులో ముక్కను ముక్కతో కట్టి ఉంచే ముడి పేరు అమైడ్ బంధం. మెంబ్రేన్ పొర పేరు పాలిఅమైడ్ అని చెప్పినాము కదా, అందులో కూడా అదే అమైడ్ ముడి ఉంటుంది. క్లోరిన్ దాని మీదే పడుతుంది. పట్టుకు పడని మందు మెంబ్రేన్‌కూ పడదు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఎంత క్లోరిన్‌కు ఎంత నష్టం? 1 పీపీఎం క్లోరిన్ ఉన్న నీళ్ళు 200 నుంచి 1000 గంటలు తగిలితే మెంబ్రేన్ చెడిపోవచ్చని తయారుచేసేవాళ్ళే చెప్తారు. 1 పీపీఎం అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. 5000 లీటర్ల ట్యాంకులో ఒక కిలో బ్లీచింగ్ పౌడర్ వేసినారనుకోండి. కొత్త పౌడరులో క్లోరిన్ 30 శాతం, అంటే 300 గ్రాములు. 5000 లీటర్లకు పంచితే లీటరుకు 60 మిల్లీగ్రాములు. గంటకు 1000 లీటర్లు లాగే ప్లాంటులో ఆ ట్యాంకు అయిదు గంటల్లో అయిపోతుంది. 60ని 5తో గుణిస్తే 300. ఒక్క ట్యాంకు నీళ్ళతోనే మెంబ్రేన్ ఆయుష్షు ప్రమాదంలోకి వచ్చేసింది. నీళ్ళలో ఇనుము ఉంటే ఈ నష్టం ఇంకా తొందరగా జరుగుతుంది. మధ్యలో కార్బన్ ఫిల్టరు బాగుంటే కొంత క్లోరిన్‌ను ఆపుతుంది, అరిగిపోయిన కార్బన్ అయితే అదీ లేదు.

దీనిలో ఇంకో మోసం ఉంది. మా పక్క ఊర్లో ఘటకం చూసుకునే కాంట్రాక్టు మనిషి జిగురు వాసన పోవాలని ట్యాంకులో బ్లీచింగ్ కలిపినాడు. వారంలో నీళ్ళు బాగా రావడం మొదలైంది. ఊరంతా మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు నీళ్ళ రుచి మారిందని ఒక టీచరమ్మ టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే, మునుపు 60 చూపించేది 400 దాటి ఉంది. అంటే పొరే తినేసి, నీళ్ళతో పాటు ఉప్పులు కూడా దాటుతా ఉండాయి. ఉప్పు దాటుతుంటే ఫ్లోరైడ్ కూడా దాటుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అన్నాళ్ళూ పిల్లలు ఆ నీళ్ళే తాగినారు. అక్కడ మెంబ్రేన్లన్నీ మార్చాల్సి వచ్చింది.

కాబట్టి ఈ రెండు గుర్తులు వేరు చేసుకోండి:

• నీళ్ళు తగ్గుతా ఉంటే, ఒత్తిడి పెరుగుతా ఉంటే, టీడీఎస్ మొదట్లో పెద్దగా మారకపోతే: జిగురు పడుతా ఉంది. కడిగితే బాగవుతుంది.
• నీళ్ళు మునుపటికంటే ఎక్కువ వస్తా, టీడీఎస్ కూడా పెరుగుతా ఉంటే: పొర దెబ్బతిన్నదేమో అని అనుమానించాలి. కడిగినా తిరిగి రాదు. వెంటనే తాగడం ఆపి నీళ్ళు పరీక్ష చేయించండి.

క్లోరిన్ డయాక్సైడ్ కూడా మెంబ్రేన్ మీదికి పంపకండి. ఫార్మలిన్ తాగే నీళ్ళ ఘటకంలో వాడనే కూడదు, అది విషం. నేల కడిగే మందుల్లో కొన్ని మెంబ్రేన్‌కు గట్టిగా అంటుకుపోయి నీళ్ళు రాకుండా చేస్తాయి, అవి కూడా వద్దు. షెడ్డు మందులు షెడ్డులోనే ఉండనీయండి.

*మరి ఏం చేయాలి? బోరు దగ్గర నుంచి మొదలుపెట్టండి*

*1. పచ్చి నీళ్ళ ట్యాంకు.* లోతు బోరు నీళ్ళలో మామూలుగా బాక్టీరియా తక్కువే. మూత లేని ట్యాంకులో, ఎండ తగిలే సింటెక్స్‌లో, పక్షులు, ఆకులు పడే సంపులో అది పెరుగుతుంది. మూత గట్టిగా పెట్టండి. ఎండ తగలకుండా చూడండి, వెలుతురు పడితే పాచి పెరుగుతుంది, ఆ పాచి బాక్టీరియాకు తిండి. ట్యాంకును బ్రష్షుతో కడిగేటప్పుడు బ్లీచింగ్ వాడొచ్చు. కానీ అప్పుడు ప్లాంటు వాల్వు కట్టేయాలి. కడిగిన నీళ్ళన్నీ బయటికి వదిలి, రెండు సార్లు మంచి నీళ్ళు పట్టి, క్లోరిన్ కిట్‌తో చూసి రంగు రానప్పుడే వాల్వు తీయాలి. డీపీడీ కిట్ అయితే క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వస్తుంది.

*2. ఇసుక ఫిల్టరు.* రోజూ వెనక్కి నీళ్ళు తిప్పి కడగాలి, దీన్నే బ్యాక్‌వాష్ అంటారు. మట్టి పోతే సరిపోదు. మట్టిలో అంటుకున్న జిగురు కూడా పోవాలి. బయటికి వచ్చే నీళ్ళు తేటగా అయ్యేదాకా వదలండి.

*3. కార్బన్ ఫిల్టరు.* క్లోరిన్‌ను, వాసనను పీల్చుకునేది ఇదే. కానీ ఇదే బాక్టీరియాకు మంచి ఇల్లు కూడా. బొగ్గులో కోటానుకోట్ల రంధ్రాలు ఉంటాయి, పీల్చుకున్న తిండి లోపలే ఉంటుంది, క్లోరిన్ అక్కడికి చేరే లోపల పోయి ఉంటుంది. అందుకే రోజూ బ్యాక్‌వాష్ చేయండి, కార్బన్‌ను సమయానికి మార్చండి. "ఇంకా నల్లగానే ఉంది కదా" అని ఏండ్ల తరబడి ఉంచితే ఆ ఫిల్టరే మెంబ్రేన్‌కు రోగం పంపుతుంది.

*4. కాట్రిడ్జ్ ఫిల్టరు.* సాధారణంగా 5 మైక్రాన్లది ఉంటుంది. బాక్టీరియా దానికంటే చిన్నది కాబట్టి దాటి పోతుంది. దీని పని మట్టి, కార్బన్ పొడి ఆపడం. ముందు, వెనక గేజీల మధ్య తేడా పెరిగితే మార్చండి, ఎట్లా ఉన్నా మూడు నెలలకు మించి వాడకండి. కడిగి మళ్ళీ పెట్టకండి. తీసిన కాట్రిడ్జ్‌ను చేత్తో తడమండి. పాముకున్నట్టు జారితే, మెంబ్రేన్‌లో కూడా అదే మొదలైందని అర్థం.

*5. స్కేల్ మందు.* మెంబ్రేన్ మీద సున్నం కట్టకుండా చుక్క చుక్కగా ఒక మందు వేస్తారు, యాంటీస్కేలెంట్ అంటారు. "రెండింతలు వేస్తే రెండింతల లాభం" అని వేయకండి. ఫాస్ఫరస్ ఉన్న మందులు ఎక్కువైతే బాక్టీరియాకు అదే ఎరువు అవుతుంది. మల్బరీకి ఎరువు కొలిచి వేసినట్టే ఇది కూడా కొలిచి వేయాలి. మందు కలిపే డ్రమ్ము కూడా వారం వారం కడగండి. డ్రమ్ములోనే పాకుడు పట్టి అక్కడ నుంచి మెంబ్రేన్‌కు పోతా ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు.

*6. క్లోరిన్ వేసిన నీళ్ళు వస్తే.* పంచాయతీ ట్యాంకు నుంచి క్లోరిన్ కలిసిన నీళ్ళు ఘటకానికి వచ్చే చోట, మెంబ్రేన్‌కు ముందు క్లోరిన్‌ను చంపాలి. కార్బన్ ఒక దారి. సోడియం మెటాబైసల్ఫైట్ ఇంకో దారి. లెక్క ప్రకారం 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు 1.34 మిల్లీగ్రాములు చాలు, వాడకంలో సుమారు 3 మిల్లీగ్రాములు వేస్తారు. ఇది కూడా విపరీతంగా వేస్తే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి, గాలి అక్కరలేని బాక్టీరియా పెరిగి కుళ్ళిన గుడ్డు వాసన రావచ్చు.

*నిలవ నీళ్ళే అసలు శత్రువు*

మన ఊర్లలో త్రీఫేజ్ కరెంటు వచ్చేది కొన్ని గంటలే. మిగిలిన సమయమంతా ఉప్పు నీళ్ళు మెంబ్రేన్ లోపల కదలకుండా ఉంటాయి. వేసవిలో రేకుల గదిలో గొట్టాలు వేడెక్కుతాయి. బాక్టీరియాకు ఇంతకంటే మంచి చాకి గది ఇంకోటి ఉండదు.

• ప్లాంటు ఆపే ముందు రోజూ కొన్ని నిమిషాలు శుద్ధి చేసిన నీళ్ళతో మెంబ్రేన్‌ను కడిగి ఆపండి. ఫ్లషింగ్ అంటారు. లోపల ఉప్పు చిక్కని నీళ్ళు, తిండి, వదులుగా ఉన్న బాక్టీరియా బయటికి పోతాయి.
• జాతర, ఎలక్షన్, మోటారు రిపేరు, ఏ కారణంతో ఆగినా 24 గంటలకు ఒకసారి ఫ్లష్ చేయండి.
• రెండు రోజులకు మించి ఆగేటట్టు ఉంటే, మెంబ్రేన్‌ను కడిగి, 1 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్ళు నింపి గాలి పోకుండా వాల్వులు మూయాలి. 100 లీటర్లకు 1 కిలో. శుద్ధి నీళ్ళలోనే కలపాలి. పీహెచ్ 3 కంటే తగ్గకూడదు, వారానికోసారి చూసి, తగ్గితే మార్చాలి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు బాగా కడిగి, మొదట వచ్చే నీళ్ళు ఎవరికీ ఇవ్వకూడదు.
• గదికి గాలి ఆడేటట్టు చేయండి, రేకుల పైన కొబ్బరి మట్టలైనా వేయండి. షెడ్డుకు చేసేది ఘటకానికి కూడా చేయండి.

*ముందుగా ఎట్లా కనిపెట్టాలి?*

పాలు రోగం గూళ్ళు కట్టే రోజు కనపడితే ఏమీ చేయలేము. రెండో జ్వరం, మూడో జ్వరంలోనే పడక గమనించేవాడికి నష్టం తక్కువ. మెంబ్రేన్ కూడా అంతే. ఒక నోటు పుస్తకం, రోజూ అయిదు అంకెలు: మెంబ్రేన్‌కు ముందు ఒత్తిడి, తర్వాత ఒత్తిడి, మంచి నీళ్ళు గంటకు ఎన్ని లీటర్లు, పచ్చి నీళ్ళ టీడీఎస్, మంచి నీళ్ళ టీడీఎస్.

కొత్త మెంబ్రేన్ వేసిన మొదటి వారం అంకెలు అట్ట మీద రాసి గోడకు అంటించండి. అదే మన కొలబద్ద. దానితో పోలిస్తే

• మంచి నీళ్ళు 10 శాతం తగ్గినా,
• ముందు, తర్వాత ఒత్తిళ్ళ తేడా 10 నుంచి 15 శాతం పెరిగినా,
• ఉప్పు దాటడం 5 నుంచి 10 శాతం పెరిగినా

కడగాలి. సగానికి సగం తగ్గేదాకా ఆగితే జిగురు గట్టిపడి కడిగినా రాదు. ఒకటి జాగ్రత్త: నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే దిగుబడి సుమారు 3 శాతం తగ్గుతుంది. మన వైపు చలికాలం ఉదయం ట్యాంకు నీళ్ళు చల్లబడి ఉంటాయి, అప్పుడు నీళ్ళు తగ్గినాయని కంగారు పడకండి. ఒకే వేళ, ఒకే రకం వేడిలో తీసిన అంకెలు పోల్చండి.

జిగురా, సున్నమా అనే అనుమానం వస్తే మెంబ్రేన్ గొట్టం మూత తీసి చూడండి. బాక్టీరియా జిగురు నీళ్ళు మొదట వచ్చే మెంబ్రేన్ ముఖం మీద ఎక్కువ ఉంటుంది. సున్నం చివరి మెంబ్రేన్ చివర గరుకుగా ఉంటుంది. జిగురును గరిటెతో కొంచెం గోకి అగ్గిపుల్లతో కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే బాక్టీరియా జిగురే. అసలు పట్టా, నకిలీ పట్టా అని పోగు కాల్చి చూసే మనకు ఈ పరీక్ష ఎవరూ నేర్పించనక్కరలేదు.

*కడిగే పద్ధతి*

దీనికి వేరే ట్యాంకు, పంపు ఉండాలి. లేని చోట మెకానిక్కు తెచ్చుకుంటాడు, కానీ ఏం వేస్తా ఉన్నాడో కమిటీ వాళ్ళు నిలబడి చూడాలి. మెంబ్రేన్‌తో వచ్చిన కాగితంలో అంకెలు వేరేగా ఉంటే ఆ కాగితం మాటే వినండి.

1. ముందు క్షారం, తర్వాత ఆమ్లం. ఈ వరుస తప్పకూడదు. ముందే ఆమ్లం వేస్తే జిగురు గట్టిపడే ప్రమాదం ఉంది.
2. 100 లీటర్ల శుద్ధి నీళ్ళలో కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా వేస్తా పీహెచ్ చూడండి. 11.5 నుంచి 12 చేరగానే ఆపండి, 100 గ్రాములకు లోపలే చాలు. నీళ్ళ వేడి 30 డిగ్రీలు దాటకూడదు. కాస్టిక్‌ను నీళ్ళలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. చేతికి గ్లవ్సులు, కంటికి అద్దాలు ఉండాల్సిందే.
3. తక్కువ ఒత్తిడితో తిప్పండి. మొదట వచ్చే మురికి నీళ్ళు పారబోయండి. తర్వాత అరగంట తిప్పి, ఒక గంట నానబెట్టి, మళ్ళీ అరగంట కొంచెం వేగంగా తిప్పండి. మొండి జిగురు అయితే రాత్రంతా నానాలి. సెరిసిన్ మాదిరే దీనికీ నానే సమయం కావాలి.
4. శుద్ధి నీళ్ళతో పీహెచ్ మామూలు అయ్యేదాకా కడగండి.
5. సున్నం కూడా ఉంటే 2 శాతం సిట్రిక్ యాసిడ్‌తో, అంటే 100 లీటర్లకు 2 కిలోలతో, ఇదే విధంగా చేసి మళ్ళీ కడగండి.
6. కడిగినాక ప్లాంటు నడిపి, మొదటి గంట నీళ్ళు బయటికి వదిలి, టీడీఎస్, పీహెచ్ చూసినాకే జనానికి ఇవ్వండి.

బాక్టీరియాను చంపితే చాలదా అని కొందరు అడిగినారు. చచ్చిన బాక్టీరియా, దాని జిగురు అక్కడే ఉంటే తర్వాత వచ్చేవాటికి అదే మేత. చచ్చిన పురుగులను పడకలోనే వదిలి పైన మందు చల్లితే ఏం లాభం? తీసి పారేయడమే ముఖ్యం.

*శుద్ధి నీళ్ళ వైపు కూడా చూడండి*

మెంబ్రేన్ దాటిన నీళ్ళలో క్లోరిన్ ఉండదు. కాబట్టి స్టీలు ట్యాంకు, కుళాయి, మన ఇంటి క్యాను, ఇక్కడంతా మళ్ళీ జిగురు పట్టొచ్చు. యూవీ దీపం తన ముందు పోయే బాక్టీరియాను చంపుతుంది, దాటి పోయినాక దాని కాపలా ఉండదు. క్లోరిన్ వేయాలంటే ఇక్కడ, మెంబ్రేన్ దాటినాక వేయాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలేటట్టు ఉంటే చాలు. క్యానులు లోపల చెయ్యి పెట్టి తోమండి. రెండో రోజు వాసన వచ్చేది చాలా ఇళ్ళల్లో ఘటకం వల్ల కాదు, క్యాను వల్ల.

*రీలర్లకు, డ్రిప్ ఉన్నవాళ్ళకు ఒక మాట*

శిడ్లఘట్ట వైపు రీలింగ్ చేసే మనవాళ్ళు కొందరు గట్టి నీళ్ళ బాధ తప్పించుకోవడానికి ఆర్‌ఓ పెట్టుకున్నారు. వాళ్ళకూ పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. గూళ్ళు ఉడికించిన నీళ్ళు గానీ, ప్యూపా కడిగిన నీళ్ళు గానీ పచ్చి నీళ్ళ సంపులోకి పోకుండా చూడండి. ఆ నీళ్ళ నిండా ప్రోటీన్, బాక్టీరియాకు పండగ భోజనం.

మల్బరీ తోటలో డ్రిప్ పైపులకు కూడా ఇదే జిగురు పడుతుంది, చుక్కలు ఆగిపోతాయి. అక్కడ పాలిఅమైడ్ పొర లేదు కాబట్టి క్లోరిన్ వాడొచ్చు, తర్వాత చివరి మూతలు తీసి కడిగేయాలి. అదే మందు తోటలో మేలు, ఘటకంలో చేటు. ఘటకం వేస్టు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రోజూ ఒకే తోటకు పారిస్తే నేల చెడుతుంది. మెంబ్రేన్ కడిగిన కాస్టిక్ నీళ్ళు తోటకు అసలు వద్దు.

*గోడకు అంటించుకోవడానికి*

రోజూ: అయిదు అంకెలు రాయాలి. ఇసుక, కార్బన్ ఫిల్టర్లు బ్యాక్‌వాష్. ఆపే ముందు ఫ్లషింగ్.
వారానికి: మందు డ్రమ్ము కడగాలి. ట్యాంకు మూత చూడాలి. అంకెలను మొదటి వారంతో పోల్చాలి.
మూడు నెలలకు లోపల: కాట్రిడ్జ్ మార్పు. పచ్చి నీళ్ళ ట్యాంకు కడగాలి.
అంకెలు 10 శాతం మారితే: కడగడం. క్షారం ముందు, ఆమ్లం తర్వాత.
ఎప్పుడూ చేయకూడనిది: మెంబ్రేన్‌కు ముందు బ్లీచింగ్, క్లోరిన్ డయాక్సైడ్.

మీ ఊరి కమిటీ మీటింగులో "మెంబ్రేన్ మార్చాలి, దుడ్డు కావాలి" అని ఎవరన్నా అంటే, ముందు నోటు పుస్తకం అడగండి. అంకెలు లేకుంటే ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు, కొత్తది కూడా అట్లే పోతుంది. కొత్తది వేసినా, పాతది కడిగినా, పోయిన సంవత్సరం నుంచి ఫ్లోరైడ్ పరీక్ష చేయించి ఉండకపోతే ఒకసారి చేయించండి.

మీ ఘటకం అంకెలు ఈ వారం గ్రూపులో పెట్టండి. ముందు ఒత్తిడి, తర్వాత ఒత్తిడి, రెండు టీడీఎస్‌లు ఉంటే చాలు. అందరివీ కలిపి చూసి, ఎవరిది కడగాల్సిన టైముకు వచ్చిందో వచ్చే ఆదివారం చెప్తాము.

— మీ రేష్మె రైతు మిత్రులు